కార్మెలమ్మ ఇచ్చిన రొట్టె

కార్మెలమ్మ స్లైసర్ మిషన్ ఆపేసింది. ప్రమాదం అనేది నాకు మొదటిసారి తెలిసిన క్షణం అదే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయి. బడి నుంచి వచ్చి, తడిసిన బూట్లతో బేకరీ కౌంటర్ ముందు నిలబడి, అమ్మ పని ఎప్పుడు అవుతుందా అని చూస్తున్నాను. నా ముందు ఒకాయన హామ్, అంటే పంది మాంసం, పలచటి ముక్కలుగా కోయించుకుంటున్నాడు. ఆ మిషన్ చప్పుడు ఆ కొట్లో గోడ గడియారం చప్పుడులాంటిది, ఉన్నంతసేపూ వినపడదు. ముక్క సగం తెగి బ్లేడు మీద వేలాడుతుండగానే కార్మెలమ్మ స్విచ్ నొక్కింది. వెనక షెల్ఫ్ మీద, చీజ్ దిమ్మల పక్కన, పడవల వాళ్ళు మాట్లాడుకునే రేడియో ఒకటి పొద్దస్తమానం గరగరమంటూ ఉండేది. చేతులు కూడా తుడుచుకోకుండా ఆమె దాని సౌండ్ పెంచింది. హామ్ కోసం వచ్చినాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకు తీశాడో అర్థం కాలేదు గానీ నేను కౌంటర్ అంచు పట్టుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం అదే కౌంటర్ ముందు నా పిల్లలిద్దరితో నిలబడ్డాను. కార్మెలమ్మ పోయి చాలా ఏళ్ళయింది. కొట్టు ఇప్పుడు ఆమె కోడలు రోజ్ నడుపుతోంది. మా ఆయన కార్తీక్‌కి బాస్టన్‌లో ఆఫీస్ పని పడితే న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి అందరం కలిసి వచ్చాం. ఆయన మీటింగుల్లో ఉంటాడు కదా అని, నేను పెరిగిన వీధి పిల్లలకి చూపిద్దామని, వాళ్ళని తీసుకుని ఈ చేపల ఊరికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను. రోజ్ నన్ను గుర్తుపట్టి కౌంటర్ దాటి వచ్చి కావలించుకుంది. అంతలో ఆమె కొడుకు లోపలికి వచ్చాడు. పాతికేళ్ళు దాటిన కుర్రాడు, కాళ్ళకి రబ్బరు బూట్లు, ఎండకి కమిలిన మెడ. పేరు తండ్రిదే, సాల్. టూరిస్టుల్ని బోటులో సముద్రం మీదికి తీసుకెళ్ళి పెద్ద రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టే బుట్టలు పైకి లాగి చూపించడం అతని పని. మా విహాన్ భుజం మీద చెయ్యి వేసి, "రేపు పొద్దున ఎనిమిదింటికి నాతో వస్తావా, కెప్టెన్?" అన్నాడు. విహాన్‌కి ఎనిమిదేళ్ళు. నా వైపు చూడకుండానే గంతేశాడు. వాడు గంతేస్తే అయిదేళ్ళ మీరా కూడా గంతేస్తుంది. రోజ్ నా మొహమే చూస్తోంది. నేను నవ్వి, "ఎందుకు రారూ, మేం ముగ్గురం వస్తాం" అన్నాను.

ఇప్పుడు పిల్లలు మోటెల్ మంచం మీద ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని నిద్రపోతున్నారు. బాత్రూమ్ లైటు వేసి, తలుపు ఓరగా ఉంచి, ఆ వెలుతురులో ఇది రాస్తున్నాను. ఫోన్‌లో వాతావరణం చూశాను. రేపు గాలి లేదు, వాన లేదు, అలలు చిన్నవి. కాసేపాగి మళ్ళీ చూశాను. బోటెక్కం అనడానికి ఒక్క సాకూ దొరకడం లేదు. నా దగ్గరున్న అసలు కారణం ఒక్కటే, అది రోజ్ ముందు నోరు జారి కూడా అనకూడనిది.

నాన్న ఈ ఊళ్ళో చేపలు ఫ్రీజ్ చేసే ఫ్యాక్టరీలో ల్యాబ్ చూసుకునేవారు. చేప వాసన కూడా పడని ఇంట్లో పుట్టి, రోజంతా చేపముక్కల్లో థర్మామీటర్లు గుచ్చే ఉద్యోగం. సాయంత్రం ఆయన మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే అమ్మ లోపలి నుంచే "అక్కడే ఆగండి!" అని కేకేసేది. నాన్న చలికి వణుకుతూ కోటూ చొక్కా మెట్ల మీది బకెట్లో పడేసి స్నానానికి పరుగెత్తేవారు. మా అద్దె ఇల్లు బేకరీకి సరిగ్గా పైన. తెల్లవారుజామున కింద పొయ్యి వేడెక్కితే మా వంటింటి నేల గోరువెచ్చగా అయ్యేది. చలికాలమంతా నేను దుప్పటి తెచ్చుకుని ఫ్రిజ్ పక్కన నేల మీదే పడుకునేదాన్ని. ముందు రొట్టె వాసన వచ్చేది, దాని వెనకే సోంపు వేసిన బిస్కెట్ల వాసన, కిటికీ తీస్తే హార్బర్ నుంచి చేపా డీజిలూ కలిసిన వాసన. వీటన్నిటి మీదా అమ్మ ఇంగువ పోపు.

కాపురం పెట్టిన కొత్తలో పోపు వేసినప్పుడల్లా కింద నుంచి ఎవరో చీపురు కర్రతో మా నేలని టకటకా పొడిచేవారు. అమ్మ బెదిరిపోయి కిటికీలన్నీ మూసి, చారు కూడా పోపు లేకుండా కాచింది. ఒకరోజు కర్రకి బదులు మనిషే వచ్చింది. పొట్టిగా, మోచేతుల దాకా పిండితో, మోకాళ్ళ నొప్పికి రెయిలింగ్ పట్టుకుని ఆయాసపడుతూ. "గ్యాస్ లీకవుతోందేమో అనుకున్నా. ఏంటది?" అని అడిగింది. అమ్మ నోట మాట రాక గిన్నె మూత తీసి టొమాటో పప్పు చూపించింది. ఆమె అడక్కుండానే గరిటె తీసుకుని చప్పరించి, "ఉప్పు తక్కువ" అని చెప్పి దిగి వెళ్ళిపోయింది. ఆవిడ పేరు కార్మెలా. పెద్దావిడని వట్టి పేరుతో పిలవడం అమ్మకి చేతకాక కార్మెలమ్మ గారూ అనేది. ఆ పిలుపు విన్న వీధి వాళ్ళు అదేదో బిరుదు అనుకునేవారు.

ఆ చలిలో అమ్మకి ఇడ్లీపిండి పులిసేది కాదు. రెండ్రోజులుంచినా గిన్నెలో ఎలా పోసిందో అలాగే ఉండేది. సంగతి తెలిసి కార్మెలమ్మ, రొట్టెపిండి పొంగడానికి పెట్టే వెచ్చటి అరలో కింది వరస ఖాళీ చేసి అమ్మకి ఇచ్చింది. శుక్రవారం సాయంత్రం అమ్మ గిన్నె కింద పెట్టి వచ్చేది, శనివారం పొద్దున కార్మెలమ్మ పైకి చూసి కేక పెట్టేది. "సూ! నీ పిల్ల లేచింది, వచ్చి ఎత్తుకో!" అమ్మ పేరు సుభద్ర, ఆవిడ నోటికి సూ దగ్గరే ఆగిపోయింది. రాకపోకలు పెరిగాక అమ్మ కొట్లో పనికి కుదిరింది. కార్మెలమ్మ వాళ్ళు ఇటలీలోని సిసిలీ నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళ రొట్టె రవ్వతో చేస్తారని, పైన నువ్వులు చల్లుతారని చూసి, "మన బొంబాయి రవ్వేనే!" అని పుట్టింటి వాళ్ళు కనపడినట్టు మురిసిపోయింది. సెనగపిండితో వాళ్ళు వేసే పలచటి బజ్జీలు చూసిన రోజున మేం రాత్రి భోజనమే చెయ్యలేదు. హామూ సలామీలాంటి మాంసాలున్న వైపుకి మాత్రం అమ్మ వెళ్ళేది కాదు. కౌంటర్ మధ్యలో ఒక నల్లటి పెచ్చు ఉండేది, అదే ఆవిడకి సరిహద్దు. కొత్త కస్టమర్ ఎవరైనా హామ్ అడిగితే ఆ పెచ్చు దగ్గర నిలబడి, "ఆ దేశం వాళ్ళు వేరే ఉన్నారండీ, పిలుస్తా ఉండండి" అనేదని సాల్ అందరికీ చెప్పి నవ్వించేవాడు.

ఆ సాల్ కార్మెలమ్మ కొడుకు, ఇవాళ చూసిన కుర్రాడి తండ్రి. పొడుగ్గా ఉండేవాడు. ఇంకో ఇద్దరితో కలిసి బోటులో చేపల వేటకి దూరం వెళ్ళి వారం పది రోజులకి వచ్చేవాడు. వచ్చిన రోజు స్నానం కూడా చెయ్యకుండా రొట్టె మధ్యకి చీల్చి, వంకాయ కూర కుక్కుకుని, నిలబడే తినేవాడు. నన్ను 'బాస్' అని పిలిచేవాడు. "బాస్, నేను లేనప్పుడు కొట్టు ఎలా నడిచింది? మా అమ్మ ఎవరినైనా తిట్టిందా?" అని అడిగితే నేను వేళ్ళ మీద లెక్క చెప్పేదాన్ని. రోజ్‌తో పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు. వాళ్ళ పసివాణ్ణి పిండి బస్తాల మధ్య బుట్టలో పడుకోబెట్టేవారు. రోజ్‌కి అప్పుడు ఇప్పటి నాకంటే చాలా చిన్న వయసు. సాల్ బయల్దేరేటప్పుడు ఆమె ఎప్పుడూ వాకిట్లోకి వచ్చేది కాదు. లోపలే ఉండి, అతను మలుపు తిరిగేదాకా ఏదో ఒక ట్రే తుడుస్తూ ఉండేది.

మార్చిలో వాళ్ళకి సెయింట్ జోసెఫ్ పండగ. కొట్లో సగం ఖాళీ చేసి మూడు మెట్లుగా బల్లలు వేసి తెల్లగుడ్డ పరిచేవారు, మా బొమ్మల కొలువులాగా. దాని నిండా రొట్టెలే. జడల్లాంటివి, చేపల్లాంటివి, చేతికర్రలాంటివి. ఫాదర్ వచ్చి దీవించాక ఇంటింటికీ ఒక చిన్న గుండ్రటి రొట్టె ఇచ్చేవారు. మేం ఉండగా వచ్చిన మొదటి పండగకి కార్మెలమ్మ మాకూ ఒకటి తెచ్చి, "ఇంట్లో ఉంచుకో సూ, మంచిది" అంది. అంతకంటే చెప్పలేదు. చెప్పాలని ఆవిడకి తట్టి ఉండదు, ఆ వీధిలో పుట్టిన ప్రతి పసిపిల్లకీ తెలిసిన విషయమది. ఆ రొట్టె తినేది కాదు. ఏడాదంతా వంటింట్లో దాచి, సముద్రం పొంగినప్పుడు ప్రార్థన చేసి నీళ్ళలోకి విసిరేది. తుఫాను తగ్గుతుందని, మనవాళ్ళు ఇంటికొస్తారని. అమ్మకి తెలిసింది ఒకటే. దేవుడి దగ్గర నుంచి వచ్చింది ప్రసాదం. ప్రసాదం వచ్చిన రోజే, ఇంట్లో అందరూ, కింద ముక్క పడకుండా తినాలి. మిగిల్చి పారేస్తే పాపం. మా దేవుడి షెల్ఫ్ ముందు పెట్టి, దీపం వెలిగించి, హారతిచ్చి, ముగ్గురికీ సమంగా తుంచింది. గట్టిగా ఉందని పాలల్లో నానబెట్టి పంచదార చల్లింది. గిన్నె అడుగున ఉన్నది నేను వేలితో నాకాను.

సాల్ బోటు నుంచి జవాబు రావడం లేదని రేడియోలో విన్నది ఆ ఏడాది నవంబరులోనే, నేను మొదట చెప్పిన ఆ సాయంత్రం. మర్నాటికి గాలి ఇంకా పెరిగింది. బడి లేదన్నారు. మా కిటికీలోంచి చూస్తే వీధిలో ఆడవాళ్ళు తలకి గుడ్డలు కట్టుకుని, ఒంగి ఒంగి, హార్బర్ గట్టు వైపు పోవడం, వట్టి చేతులతో తిరిగి రావడం కనిపించేది. కార్మెలమ్మ కొట్టు మూయలేదు. మూస్తే ఏదో ఒప్పుకున్నట్టు అవుతుందని కాబోలు. మధ్యాహ్నం దాటాక మా మెట్ల మీద ఆవిడ అడుగులు వినిపించాయి. చీపురు కర్రతో పిలిస్తే అమ్మే దిగి వెళ్ళేది కదా, ఆ మోకాళ్ళతో తనే ఎక్కి వచ్చింది. వెనక రోజ్, భుజం మీద బిడ్డ.

"సూ, మావన్నీ అయిపోయాయి. వీధిలో అందరివీ అయిపోయాయి. మీది ఉంది కదా, ఇవ్వు."

"ఏది కార్మెలమ్మ గారూ?"

"రొట్టె. మార్చిలో ఇచ్చానే, జోసెఫ్ రొట్టె."

అమ్మ దేవుడి షెల్ఫ్ వైపు చూసింది. "తినేశామండీ" అంది. ఆవిడకి వినపడలేదేమోనని, కాదు, వినపడకూడదని అనుకుందో ఏమో, నెమ్మదిగా మళ్ళీ అంది. "ఆ రోజే తినేశాం. మా వాళ్ళలో దేవుడిది దాచకూడదు."

కార్మెలమ్మ గుమ్మంలో ఉన్న స్టూలు మీద కూర్చుంది. గాలికి కిటికీ అద్దం దడదడలాడుతోంది. రోజ్ బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. కార్మెలమ్మ కోపగించుకుంటుందని, తిడుతుందని నేను అమ్మ చీర పట్టుకున్నాను. ఆవిడ తలెత్తి అమ్మని అడిగింది.

"బాగుందా?"

అమ్మ భోరున ఏడ్చింది. ఏడుస్తూనే లోపలికి పోయి, కార్తీక సోమవారానికని బాస్టన్ నుంచి తెప్పించుకున్న కొబ్బరికాయ తెచ్చింది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది. "మా వైపు సముద్రానికి ఇది ఇస్తారు" అంది. ఆ మాట నిజమో కాదో, తెనాలిలో పెరిగిన అమ్మకి సముద్రం గురించి ఎంత తెలుసో నాకిప్పటికీ తెలియదు. నలుగురం గట్టు మీదికి వెళ్ళాం. గాలికి నిలబడలేక నేను అమ్మ కోటు జేబులో చెయ్యి దూర్చాను. కార్మెలమ్మే విసిరింది. ఒక అల దాన్ని తీసుకుని, కాసేపు ఆడించి, తెచ్చి మా ముందే రాళ్ళ మీద పడేసింది. ఆవిడ వంగి తీసి మళ్ళీ విసిరింది. మళ్ళీ తెచ్చింది. పసుపంతా పోయి కాయ నల్లగా అయింది. అమ్మ చెయ్యి నా చెయ్యిని జేబులో నలిపేస్తోంది. కార్మెలమ్మ మూడోసారి విసరలేదు. కాయని ఏప్రన్ జేబులో వేసుకుని, "పద, పొయ్యిలో రొట్టెలున్నాయి" అంది.

కొన్నాళ్ళకి వెతకడం ఆపేశారు. బోటూ దొరకలేదు, ముగ్గురిలో ఒక్కరూ దొరకలేదు. ఆ వీధిలో ఎవరూ అమ్మని ఒక్క మాట అనలేదు. కార్మెలమ్మ ఎప్పటిలాగే శనివారం పొద్దున అర దగ్గర నుంచి పైకి చూసేది, కానీ అక్కడ గిన్నె ఉండేది కాదు. అమ్మ ఇడ్లీలు చెయ్యడం మానేసింది. ఉప్మా, అట్లు, అంతే. మరుసటి మార్చిలో మా గుమ్మంలో మళ్ళీ గుండ్రటి రొట్టె కనిపించింది. అమ్మ ముట్టుకోలేక, నాన్న వచ్చేదాకా దాన్ని అక్కడే ఉంచింది. ఆ వేసవిలో నాన్నకి న్యూజెర్సీలో ఉద్యోగం దొరికి వచ్చేశాం. ఊరు వదిలే రోజు కార్మెలమ్మ కార్‌లోకి వంగి అమ్మ రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంది.

ఇప్పుడు నేను తల్లినయ్యాక ఆ ఆడవాళ్ళ గురించి ఎక్కువగా ఆలోచిస్తాను. వాళ్ళకున్నది ఒక రేడియో, అది కూడా సగం గరగర. నా చేతిలో ఫోనుంది. అలల ఎత్తు చెబుతుంది, గాలి ఏ మూల నుంచో చెబుతుంది, ఆ కుర్రాడి బోటు ఇప్పుడు ఏ రేవులో కట్టి ఉందో మ్యాపులో చుక్క పెట్టి చూపిస్తుంది. ఇంట్లో మెట్లకి గేటుంది, సొరుగులకి తాళాలున్నాయి. మీరాకి జ్వరమొస్తే గంటగంటకీ థర్మామీటర్ పెడతాను. కార్తీక్ నవ్వుతాడు, "నువ్వు చూస్తే జ్వరం సిగ్గుపడి పోతుందా?" అని. పోదు, నాకూ తెలుసు. ఆ వీధి వాళ్ళు చెయ్యగలిగింది ఏమీ లేనప్పుడు కనీసం గట్టు దాకా నడిచి చేతిలో ఉన్నది విసిరి వచ్చేవారు. నేను వేలితో స్క్రీన్ కిందికి లాగి వదులుతాను. కొత్తగా ఏమీ రాదు.

మధ్యాహ్నం పిల్లలు బిస్కెట్ల ట్రేల దగ్గర ఉండగా రోజ్‌ని అడిగాను, కొడుకుని సముద్రం మీదికి ఎలా పంపావు అని. అడగకూడదని తెలిసే అడిగాను.

"ఎవరు పంపారు?" అంది చీజ్‌కి కాగితం చుడుతూ. "అరిచాను. కారు తాళం చెవులు దాచాను. వాళ్ళ నానమ్మ చేత చెప్పించాను. నర్సింగ్ చదువు, ప్లంబింగ్ నేర్చుకో, ఏదైనా చెయ్యి, నీళ్ళ జోలికి పోకురా అన్నాను. విన్నంతసేపూ విన్నాడు. ఒకరోజు బోటు కొన్నానని చెప్పాడు." కాగితం మీద టేపు అంటించింది. "వాడు పోయేటప్పుడు నేను లోపలే ఉంటా. ఇప్పటికీ అంతే."

తర్వాత తనే అడిగింది. "సూ ఎలా ఉంది? ఇంకా ఆ రొట్టె గురించే కుమిలిపోతోందా?"

నేను చీజ్ పొట్లం అందుకున్నాను.

"వీధంతా విసిరింది, తెలుసా. అన్నీ సముద్రమే తింది. మీరొక్కళ్ళే మనుషులు తిన్నారు. చెప్పు ఆవిడకి."

చెబుదామని సాయంత్రం మోటెల్ నుంచి అమ్మకి ఫోన్ చేశాను. రోజ్ మాట చెప్పాను. అవతల కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత రేపటి బోటు సంగతి చెప్పి, "వద్దనేయనా అమ్మా? మీరాకి ఒంట్లో బాలేదని చెప్పేస్తా" అన్నాను. నిజానికి ఆవిడ వద్దంటే బావుండునని ఫోన్ చేశాను. పిల్లల విషయంలో అమ్మ నాకంటే పిరికిది. పార్కులో ఉయ్యాల కూడా గట్టిగా ఊపనివ్వదు.

"ఎవరి బోటూ?"

"రోజ్ కొడుకుది."

"ఆ బిడ్డదా?" అంది అమ్మ. ఇంకోసారి అడిగింది. "భుజం మీద ఎత్తుకొచ్చిందే, ఆ బిడ్డదా?"

"అవును."

"ఆ ఇంటి మగపిల్లాడు రమ్మంటే, ఆ ఇల్లాలి ఎదురుగా, మాకు భయం అని ఎట్లా అంటావే? నేనైతే అనలేను. అట్లాగని నా చేత పంపించమని కూడా అనిపించకు. నాకు చేతకాదు. మీ నాన్నకిస్తా ఉండు." నాన్న తీసుకుని, లైఫ్ జాకెట్లు పిల్లల సైజువి ఉంటాయో లేదో ముందే కనుక్కోమన్నారు. వెనక నుంచి అమ్మ ఏదో అంటోంది, మాటలు అర్థం కాలేదు. కార్తీక్‌కి చేస్తే, "ఇష్టం లేకపోతే నో చెప్పెయ్, అందులో ఏముంది?" అన్నాడు. మంచివాడు. అతనికి ఆ మెట్లూ ఆ స్టూలూ తెలియవు.

పోనీ, నేనూ బోటులోనే ఉంటాను కదా అని నాకు నేను చెప్పుకుని చూశాను. ఉంటే ఏం చేస్తాను? నాకు ఈత రాదు. వచ్చినా, ఈత రాకనా సాల్ పోయింది?

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. కిందివి తెల్లారాక రాస్తున్నవి.

ఆరున్నరకి కర్టెన్ తీస్తే సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. విహాన్ అప్పటికే లేచి మంచం మీద కూర్చున్నాడు. నిన్న కొట్లో గోడకున్న ఫోటో వాడి బుర్రలో తిరుగుతోందట. "అమ్మా, ఆ టాల్ అంకుల్ ఎవరు? కెప్టెన్ లాగే ఉన్నాడు" అన్నాడు. ఆ మాటకి మీరా కూడా దుప్పట్లోంచి తల బయట పెట్టింది. ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనే నోరు తెరిచాను. కానీ ఇద్దరినీ దగ్గరికి లాక్కుని, "ఆయన కెప్టెన్ వాళ్ళ నాన్న. నా ఫ్రెండ్. ఒకరోజు బోటులో వెళ్ళాడు, తుఫాను వచ్చింది, తిరిగి రాలేదు" అన్నాను.

విహాన్ కిటికీలోంచి నీళ్ళ వైపు చూశాడు. "మరి మనం? మనం తిరిగి వస్తామా?"

"వస్తామనే అనుకుంటున్నా. కానీ నాకు తెలీదు నాన్నా" అన్నాను. "లేవండి, బూట్లు వేసుకోండి. కెప్టెన్ మనకోసం చూస్తుంటాడు."